ఆటలో లేని పిడికెడు మట్టి

చలికి మా కొండ ఊరు నారిన్‌లో బళ్లు మూసేశారు. నేను జాంబీల వీడియోగేమ్ ఆడుతుంటే ఆపా అని నేను పిలిచే నాయనమ్మ సైరకన్ నా పక్కన కూర్చుని ఉన్ని వడుకుతోంది. ఆటలో నా తమ్ముణ్ణి జాంబీ కరిచింది, వాడు చచ్చిపోయాడు. జాంబీగా లేచేలోగా తెరమీద రెండే దారులు: తలలో కాల్చడం, వదిలేసి పారిపోవడం.

"పిడికెడు మట్టైనా వేయకుండానా?" అంది నాయనమ్మ.

"ఇందులో అది లేదు ఆపా! కాసేపు నోరు మూసుకో, టైమ్ అయిపోతోంది!"

ఆమె కదురు పక్కన పెట్టి, అరచేతులు చాచి, ఆ బొమ్మ కుర్రాడి కోసం దువా చదవసాగింది. నేను అటు చూసేలోగా తమ్ముడు లేచి నన్ను కొరికేశాడు.

"నీవల్లే చచ్చాను!" అని అరిచాను.

ఆమె అరచేతులతో ముఖం తడుముకుంది.

"కొండమీద మంచు కూలినప్పుడు మీ నాన్నని దాని కిందే వదిలేసి వచ్చినవాళ్లు కూడా టైమ్ లేదనే అన్నారు తల్లీ."