సొనతో గీసిన గాలి

మా అమ్మాయి తబితా మామిడికాయ సొనతో బొమ్మలు గీస్తుంది. కాయ తొడిమ విరగ్గానే చిమ్మే సొన తెల్లగుడ్డ మీద పడితే నల్లమరకవుతుంది, ఎంత ఉతికినా పోదు. ఒంటి మీద పడితే మాత్రం కాలుతుంది. కంట్లో పడితే గుడ్డిదైపోతుందేమోనని నాకు ఒకటే భయం.

మొన్న మధ్యాహ్నం రెడ్డిగూడెం వైపునుంచి గాలివాన విరుచుకుపడింది. కాయలు రాళ్లలా రాలుతున్నాయి. ఇది గుడ్డ తీసుకుని తోటలోకి పరుగెత్తింది. వెనకాలే నేనూ పరుగెత్తాను. నేను చేరేసరికే రాలిన కాయల సొనతో గుడ్డ మీద గీసేస్తోంది. ఫెళ్లుమని కొమ్మ విరిగి, దానికి జానెడు దూరంలో పడింది.

జుట్టు పట్టుకుని పాకలోకి ఈడ్చుకొచ్చి రెండు చెంపలూ వాయించాను. పెదవి చిట్లి రక్తం వచ్చింది.

"అయిందా, ఇంకా ఉందా?" అంది నోరు తుడుచుకుంటూ. "కాయ రాలిన కాసేపటికే సొన ఆగిపోద్దమ్మా. ఇలాంటి గాలి మళ్లీ ఏడాదికిగానీ రాదు."

"అప్పటిదాకా బతికుంటే కదే నువ్వు."

అది నవ్వి గుడ్డ పరిచింది. వంగిపోతున్న కొమ్మలు, ఎగిరిపోతున్న ఆకులు సగం గీసి ఉన్నాయి. ఇంత పాడుగాలిని చూసి దీనికంత సంతోషం ఎలా వచ్చిందో నాకు తెలియలేదు. దాని మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఇంకెన్ని కాయలు కావాలి?" అన్నాను.

"నాలుగైదు చాలు."

"ఇక్కణ్ణుంచి కదిలావంటే కాళ్లు విరగ్గొడతాను."

నెత్తిమీద గంప బోర్లించుకుని నేనే బయటికి వెళ్లాను.