బీడు బల్ల మీద మూడు చుక్కలు

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఇది కల అని నాకు తెలుసు, తెలిసి కూడా లేవడం లేదు, ఎందుకంటే మా తాయారత్త నా తరఫున బేరానికి వచ్చింది, కిందటి ఆషాఢంలో చనిపోయిన మనిషి ఇంత శ్రద్ధగా నా పని మీద వచ్చినప్పుడు మధ్యలో కళ్ళు తెరవడం ఏం మర్యాద?

మేమున్నది సామర్లకోటలో అత్త టైలరింగ్ షాపులో, కనీసం గుమ్మం దగ్గర అదే, రెండడుగులు లోపలికి వేస్తే అది విశాఖలో నేను అద్దెకుంటున్న ఇంటి కింద కారు షెడ్డు, నాకు కారు లేదు కాబట్టి అందులో వడ్రంగం పెట్టుకుందామని ఆశపడుతున్న షెడ్డు, ఇంకా లోపలికి వెళ్తే ఎక్కడో రైలు కూత, కాళ్ళ కింద ప్లాట్‌ఫారం రాళ్ళు. జాకెట్టు గుడ్డల తానులుండే గోడకి ప్లైవుడ్ షీట్లు చాపల్లా చుట్టి నిలబెట్టి ఉన్నాయి. ప్లైవుడ్ అలా చుట్టుకోదని నాకు తెలుసు, మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను, అయినా ఇప్పుడు ఎవరినీ ఏమీ అడగదలచుకోలేదు.

తాయారత్త అంటే మా నాన్నకి అక్క. మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క, పెదాల మధ్య గుండుసూదులు, అందుకే ఎప్పట్లాగే మూతి ఒక పక్కనుంచి మాట్లాడుతోంది. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు ఆ పక్కమూతి సలహాలు వింటూ కొలతలిచ్చినవాళ్ళే.

"ఏమే కోడలా, రంపం కొంటానంటూ ఆషాఢం నుంచీ ఫోన్లో బొమ్మలు చూస్తన్నావంట. కొంటావా, చూస్తానే ఉంటావా?"

"కొంటా అత్తా. రెండున్నాయి, నా దగ్గరున్నది ఒక్కదానికే సరిపోతుంది. సాయంత్రంలోగా ఎవరో ఒకరికి మాట చెప్పాలి, లేకపోతే రెండూ పోతాయి."

నిజానికి తేల్చుకోవాల్సింది ఏ రంపం అన్నది ఒక్కటే కాదు, అసలు కొనాలా వద్దా అన్నది కూడా, ఆ సంగతి మాత్రం ఆవిడ ముఖం చూస్తూ అనలేకపోతున్నాను, ఎందుకంటే ఆ రంపంతో మొదట చేద్దామనుకున్న వస్తువు ఆవిడకే.

నేను కొనాలనుకుంటున్నది టేబుల్ సా. ఒక బల్ల, దాని మధ్య చీలికలోంచి పైకి లేచి తిరిగే గుండ్రటి బ్లేడు, పక్కన ఒక నిటారు పట్టీ, కర్రని ఆ పట్టీకి ఆనించి ముందుకి తోస్తే గీత గీసినట్టు తెగుతుంది. ఇదంతా అత్తకి వివరిస్తే ఆవిడ సూదుల మధ్యనుంచి నవ్వుతుంది.

"అంటే కుట్టుమిషనే కదటే. సూది ఉన్నచోటే ఉంటది, గుడ్డ మనం తోస్తాం. ఇక్కడ పళ్ళున్నచోటే ఉంటాయి, కర్ర నువ్వు తోస్తావు. దీనికి బీటెక్ ఎందుకే?"

"తొయ్యడానికి కాదు అత్తా, కొనడానికి. జీతం రావాలి కదా."

"అలా చెప్పు."

మొదటి మిషను మా ముందుకు దానంతటదే వస్తుంది, తేలికైన అల్యూమినియం బల్ల, కాళ్ళు మడిచి సూట్‌కేసులా పట్టుకుపోవచ్చు, కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తోంది. అమ్మేవాడికి ముఖం లేదు. అతని ప్రొఫైల్ ఫొటోలో సూర్యాస్తమయం పెట్టుకున్నాడు కాబట్టి మెడ మీద అదే ఉంది, అది మాట్లాడినప్పుడల్లా సముద్రం మీద వెలుగు కాస్త కదులుతోంది.

"ఒక్కసారే వాడానండి," అంటుంది సూర్యాస్తమయం. "కొత్తదాని కిందే లెక్క."

"ఒక్కసారి వాడినోడు ఎందుకమ్ముతున్నాడో అడుగు," అంటుంది అత్త నాతో, అతను వినేలా. "ఒక్కసారి కట్టి తిరిగిచ్చేసిన చీర ఎవరైనా కొంటారా? ఏం బాబూ, దీనికి ఒక్క దసరాకైనా బొట్టు పెట్టారా?"

సూర్యుడు కొంచెం కిందికి దిగుతాడు.

అత్త దృష్టిలో బొట్టు లేని మిషను ఇంకా ఇంట్లో మనిషి కానట్టే. ఆవిడ తన కుట్టుమిషనుకే కాదు, గ్రైండరుకీ, పంపుసెట్టుకీ, నేను సెలవు పెట్టకుండా ఊరెళ్ళిన ఏడాది నా లాప్‌టాప్‌కి కూడా పెట్టింది, అదీ సరిగ్గా కెమెరా మీద, ఆ రోజు ఆఫీసు మీటింగంతా నేను అందరికీ కుంకుమ పొగలో కనబడ్డాను, మా మేనేజరు నెట్‌వర్క్ బాలేదేమో అనుకుని పాపం రెండుసార్లు కట్ చేసి కలిశాడు.

"ముందు కరెంటు తీయించు," అంటుంది అత్త. తీయించాక, కుట్టుమిషను చక్రం తిప్పినట్టే బ్లేడుని చేత్తో మెల్లగా తిప్పి, బల్లకి చెవి ఆనించి వింటుంది. తర్వాత బ్లేడుని రెండు వేళ్ళతో పట్టుకుని పక్కకి ఊపుతుంది. ఊగుతోంది. "చూశావా. ఇరుసు అరిగిపోయింది. ఒక్కసారి వాడి ఇంతలా అరగ్గొట్టాడంటే మొనగాడే."

"బేరింగ్ మార్పించొచ్చు అత్తా."

"మార్పించొచ్చు. ఆ మాట అతను చెప్పాలి, నువ్వు చెప్తున్నావు."

బొడ్లోంచి ఒక బాబిన్ తీస్తుంది, ఎర్రదారం చుట్టి ఉన్న ఉక్కు బాబిన్, దాన్ని చక్రంలా అంచు మీద బల్లపై నిలబెట్టి, "ఇప్పుడు వెయ్యి," అంటుంది. స్విచ్ వేస్తే మిషను ఒళ్ళంతా జ్వరం వచ్చినట్టు వణుకుతుంది, బాబిన్ నిలబడ్డట్టే నిలబడి గబుక్కున దొర్లుకుంటూ బల్ల దిగి, గుమ్మం దాటి, ప్లాట్‌ఫారం మీద పడి, వెనక ఎర్రదారం వదులుకుంటూ పారిపోతుంది. బతికున్నప్పుడు మోకాళ్ళ నొప్పులతో మెట్టు ఎక్కడానికే కష్టపడ్డ మా అత్త ఇప్పుడు నాకంటే ముందు పరిగెడుతోంది, దారం పట్టుకుని నేను, వెనక ఎక్కడో సూర్యుడు అస్తమించిపోయాడు, అతన్ని మళ్ళీ చూడం.

దారం వెళ్ళి ఒక పాత మిషను కాలికి చుట్టుకుని ఆగింది. పచ్చరంగు వేసిన బరువైన మిషను, పైన పాత నేత చీర కప్పి ఉంది. ఇది నాకు తెలుసు, ప్రకటనలో చూశాను, గాజువాకలో నూకరాజు గారనే ఆయనది, ఆయన లేరు, భార్య అమ్ముతున్నారు. ఆయన మాత్రం ఈ కలలోకి రాలేదు. పరిచయం లేని ఆడపిల్ల కలలోకి ఏం వస్తారు, పెద్దమనిషి.

చీర తీస్తే కింద బీడు బల్ల, అంటే పోత ఇనుముది, వాన వెలిసిన మబ్బు రంగులో. అత్త అరచెయ్యి వేసి నిమురుతుంది, చేత్తో బ్లేడు తిప్పుతుంది, ఊపి చూస్తుంది, ఊగదు. బాబిన్ నిలబెట్టి స్విచ్ వేయిస్తుంది. కింద మోటారు గొంతు సవరించుకుని పాడటం మొదలుపెడుతుంది, లోతుగా, ఒకే శ్రుతిలో. బాబిన్ కదలదు. మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం, అది మమ్మల్ని చూస్తోంది.

"బెల్టు పగుళ్ళిచ్చింది," అంటుంది అత్త. "దానికి తగ్గించమను. మిగతాది బంగారం. తీసుకో."

"అప్పుడే కాదు." ఈసారి చెప్పేది నేనే. "బ్లేడు వెనకాల ఒక రేకుండాలి. కోసిన కర్ర మళ్ళీ దగ్గరకొచ్చి బ్లేడుని పట్టేస్తే, ఆ కర్ర తిరిగి మన మీదకే ఎగురుతుంది. అలా జరక్కుండా ఆపేది ఆ రేకే. ఫొటోల్లో అది లేదు. ఉంటే ఇప్పించమంటాను, లేకపోతే కొత్తది చేయించి బిగించేదాకా ఒక్క కర్ర కూడా కొయ్యను. దీంట్లో మాత్రం నీ మాట కూడా వినను అత్తా."

అత్త తన చూపుడువేలు చూసుకుంటుంది, గోరు మధ్య చీలిక ఉంది, ఎప్పుడో సూది దిగి బయటికొచ్చిన గుర్తు. "వినకు," అంటుంది. "ఆ ఒక్కటీ ఎవరి మాటా వినకు."

మోటారు పాడుతూనే ఉంది. ఆ పాట చాటున నేను ఇందాక అనలేకపోయిన సంగతి ఎత్తుతాను.

"దీంతో మొదట నీ బల్ల చేద్దామనుకున్నాను."

అత్త జీవితమంతా నేల మీద కూర్చునే గుడ్డ కత్తిరించింది. ఒంగి ఒంగి నడుము పోయింది, మోకాళ్ళు పోయాయి. నిలబడి కత్తిరించుకునే బల్ల చేసిస్తానని నేను కంప్యూటర్లో బొమ్మ గీసి చూపిస్తే, సొరుగులు పెట్టమంది, పెడితే వద్దంది, గుమ్మంలోంచి పట్టాలంది, మడత పెట్టేలా చేస్తే మడతబల్ల అపశకునంలా ఉందంది, వీటన్నిటికీ నేను సిద్ధమే, ఒక్క కొలత తప్ప అన్నీ ఉన్నాయి. బల్ల ఎత్తు మోచేతిని బట్టి ఉండాలి. ఊరందరి కొలతలూ తీసిన మనిషి టేపు తన మీదకి రానిచ్చేది కాదు.

"ఇప్పుడైనా నిలబడు అత్తా. మోచెయ్యి మడువు. ఒక్క నిమిషం."

"నాకెందుకే ఇప్పుడు?"

"నీకు కాకపోతే ఎవరికి చెయ్యను? నువ్వే లేవు, ఇంకెందుకీ రంపం అని రోజూ అనుకుంటూ ఆ ప్రకటనలు చూస్తున్నాను."

అనేశాను. ప్లాట్‌ఫారం మీద ఏదో బండి ఆగకుండా వెళ్ళిపోతుంది, షాపంతా అదిరినా బాబిన్ అదరదు. అత్త మెడలో టేపు తీసి నా వెనక్కి వస్తుంది, చిన్నప్పుడు గౌనుకి కొలిచినట్టే భుజం మీద ఒక చిన్న దెబ్బ వేసి, "నిటారుగా నిలబడవే, కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని రొయ్యలా అయ్యావు," అంటూ నా మోచేయి మడిచి నేల దాకా టేపు వదులుతుంది.

"అత్తా, నాది కాదు..."

"నేను గుడ్డ నేల మీద కత్తిరించేశాను, అయిపోయింది. నువ్వు కర్ర నేల మీద కొయ్యగలవా? నిలబడేది నువ్వు. బల్ల నీ ఎత్తుకి చేసుకో. నేను కుట్టిన మొదటి జాకెట్టు ఎవరిదనుకున్నావ్? నాదే. మనకి కుదిరితేనే ఊరికి కుడతాం."

కొలత ఎంతో చెప్పదు, సుద్దతో గాలిలోనే ఎక్కడో గీత పెడుతుంది, అది అక్కడే నిలబడి ఉంటుంది. నేను వెంటనే వ్యాపారంలోకి దిగుతాను.

"సరే అయితే, బేరానికి ఇంకొకటి దొరికింది. ఇదిగో, బల్ల ముందంచున తుప్పు తినేసిన గుంటలు. ఫోన్ చెయ్యగానే మొదట ఇవే చూపించి తగ్గించమంటాను."

అత్త నోట్లోంచి గుండుసూదులు తీస్తుంది. ఒక్కొక్కటే పైటకి గుచ్చుకుంటుంది. ఆవిడ నోరంతా తెరిచి మాట్లాడబోతోందంటే మాకు చిన్నప్పటినుంచీ భయం.

"తుప్పు వరసలో నిలబడుతుందటే?"

చూస్తాను. మూడు చుక్కలు, ఎడంలో తేడా లేదు, మధ్యది కాస్త పెద్దది. అత్త ఉంగరం వేలు కొన మధ్య చుక్కలో ఆనిస్తుంది, అచ్చంగా సరిపోతుంది, అప్పటికి ఆ బల్ల ఆవిడ కుట్టుమిషను అయిపోయింది, దాని ఉక్కు రేకు మీద కూడా అలాంటి గుంటలే, నేను స్టూలెక్కి వేలు పెట్టి తడుముతూ ఆడుకున్నవి.

"తడి పసుపు, తడి కుంకుమ. పూజ చేసిన పనిముట్టు మర్నాటి దాకా ముట్టుకోరు కదా, ఆ తడి రాత్రంతా ఇనుముని పట్టుకుని ఉంటది. ప్రతి ఏడూ అదే చోట పెడతాం. పూజనుకుని మనమే తినిపిస్తాం తుప్పు," అని నవ్వుతుంది. "బుద్ధిలేని పనే. కానీ ఏడాదికోసారి ఇంత ఒద్దికగా బొట్టు పెట్టినోడు మిగతా రోజులు మిషనుకి నూనె వెయ్యకుండా ఉన్నాడంటావా? బెల్టు చూపించి తగ్గించమను. రేకు లేదని తగ్గించమను. బొట్టు చూపించి బేరమాడావంటే మాత్రం..."

ఏం చేస్తుందో చెప్పేలోపు మోటారు పాట సన్నబడి, సన్నబడి, ఆగిపోతుంది.

ఆగింది ఫ్యాన్. కరెంటు పోయింది. ఆదివారం మధ్యాహ్నం, పప్పుచారు అన్నం తిని సోఫాలో ఒరిగినదాన్ని అలాగే నిద్రపోయాను, మెడంతా చెమట, పొట్ట మీద లాప్‌టాప్ వేడిగా ఉంది. తెర ఇంకా వెలుగుతోంది, నిద్రకి ముందు పెద్దది చేసి చూస్తున్న గాజువాక మిషను ఫొటో. ముందంచున గుంటలు. ఇన్నిరోజులూ వాటిని తుప్పనే చూశాను. మూడే ఉన్నాయి, ఒకే వరసలో, మధ్యది కాస్త పెద్దది.

ఫోన్ చేశాను.

"రంపం మిషను గురించండి. నా పేరు స్ఫూర్తి."

"చెప్పండమ్మా. ఎక్కువ తగ్గదమ్మా, ముందే చెప్తన్నాను."

"ధర తర్వాత మాట్లాడుకుందామండి. బల్ల అంచున మూడు చుక్కలున్నాయి. దసరాకి బొట్టు పెట్టేవారా?"

అటువైపు కుక్కర్ కూత వేసింది, ఆవిడ స్టవ్ ఆపేసి వచ్చింది.

"మా ఇంటాయన పెట్టీవోరు. మర్నాడు దాకా ఎవుల్నీ ముట్టుకోనిచ్చీవోరు కాదు. చూసినోళ్ళందరూ తుప్పు తుప్పని ఎల్లిపోతన్నారు. మీకెలాగ తెల్సిందమ్మా?"

"మా అత్త చెప్పింది."

బ్లేడు వెనక రేకు గురించి అడిగాను, డబ్బాలో ఏవేవో ఇనప ముక్కలు దాచి ఉన్నాయి, వచ్చి చూసుకోమంది. బెల్టుకి మాత్రం తగ్గించాలన్నాను, ఆవిడ నవ్వి, ముందు రండి అంది. వస్తున్నాను, మిషను నాదే, ఇంకెవరికీ మాట ఇవ్వకండి అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నేను నిటారుగా నిలబడి ఉన్నాను.

బయల్దేరే ముందు ఒక్కటి అడుగుతాను. మీ ఇంట్లోనూ ఏ మిక్సీ మీదో, మోటారు మీదో, ఎవరూ కొననంటున్న స్కూటర్ మీదో ఎవరిదో ఒకరి వేలి గుర్తు ఉండే ఉంటుంది. ఎవరిది? ఎక్కడ పెట్టేవారు? ఆ మనిషి కలలోకి వచ్చి ఇప్పటికీ మిమ్మల్ని తిడుతున్నారా? రాయండి, నేను షెడ్డులో నా ఎత్తుకి సరిపోయే బల్ల ముందు నిలబడి చదువుకుంటాను.