యాభయ్యో కిలోమీటరు దగ్గర

నాకు ముక్కు మీద కోపం. ఆ మాట మా ఆవిడ అంటే ఒప్పుకోను గాని, నేనే చెప్పుకుంటే ఫరవాలేదు. ఆ కోపం వల్లే రెండేళ్ళుగా లారీలో నేనొక్కణ్ణే తిరుగుతున్నాను. అంతకుముందు పదకొండేళ్ళు ఇద్దరం తోలాం. నాలుగు గంటలు నేను, నాలుగు గంటలు ఆవిడ. ఒకరు తోలుతుంటే ఇంకొకరు వెనక పడకలో నిద్ర. మొగుడూ పెళ్ళాం ఒకే బండి తోలుతారటగా అని లోడింగు దగ్గర జనం వింతగా చూసేవారు. చూస్తే చూశారు, మాకేం.

ఆవిడకి ఒకటే ఇబ్బంది. చలి తగిలితే వేళ్ళు తెల్లబడి మొద్దుబారిపోతాయి. చెబితే ఎక్కడ ఆపేయమంటానోనని నాకు చెప్పేది కాదు. రెండు చలికాలాల కిందట, తెల్లవారుతుండగా కొండదారిలో, నేను వెనక పడుకుని ఉండగా, ఆవిడ వేళ్ళకి పట్టు తప్పి బండి పక్కకు లాగేసి రోడ్డంచు స్తంభాన్ని రాసుకుంటూ పోయింది. అద్దం ఒకటి పగిలింది, అంతే. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. కాని నిద్రలో ఉన్నవాడికి ఆ చప్పుడు ఎలా వినిపిస్తుందో నన్నడగండి. కిందికి దిగి, ఆగి చూస్తున్న నలుగురు డ్రైవర్ల ముందు, "దిగు. ఇంకెప్పుడూ నా బండి స్టీరింగు ముట్టుకోకు" అన్నాను. బండి కాగితాలు ఇద్దరి పేరు మీదా ఉన్నాయి. అయినా నా బండి అన్నాను.

ఆవిడ దిగింది. మళ్ళీ ముట్టుకోలేదు. తిరిగి నాలుగు తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది, ఒక్క మాటా అనలేదు. నెల తిరక్కుండా ఊరి చివర లారీలు తూచే కాటాలో ఉద్యోగం వెతుక్కుంది. గాజు కిటికీ ఉన్న చిన్న గది, కాళ్ళ దగ్గర హీటరు, వచ్చిన బండినల్లా తూచి చీటీ ఇవ్వడం. వారానికి రెండుసార్లు నా బండి కూడా ఆ కాటా ఎక్కుతుంది. కిటికీలోంచి చీటీ ఇచ్చి, "జాగ్రత్త" అంటుంది. ఆ మాట ప్రతి డ్రైవరుకీ అంటుంది.

ఇంట్లో అంతా మామూలే. అన్నం పెడుతుంది, కబుర్లు చెబుతుంది, నా గురకని వెక్కిరిస్తుంది. రోడ్డు మాట ఎత్తితే మాత్రం కుళాయి కట్టేసినట్టు ఆగిపోతుంది. నాకేమో రోడ్డు మీదే ఆవిడ కావాలి. నాలుగో గంట అయ్యేసరికి వెనక పడక తెర కదులుతుందేమోనని ఇప్పటికీ అద్దంలోకి చూస్తాను. రెండేళ్ళయినా ఆ పాడు అలవాటు పోలేదు. ఏం చూస్తాను, మడత విప్పని దుప్పటిని చూస్తాను.

రా అని అడగొచ్చుగా అంటారు. అడగడానికి నోరు రావాలి కదా. నాకు తిట్టడానికి వచ్చినంత తేలిగ్గా అడగడానికి నోరు రాదు. అందుకని బండికి ఒక్కొక్కటీ పెట్టించడం మొదలుపెట్టాను. మొదట వేడి అద్దాలు. పొద్దున్నే మంచు పట్టిన అద్దాన్ని తుడవడానికి ఆవిడ చలిలో దిగేది, ఇక ఆ పని లేదు, మీట నొక్కితే అదే కరిగిపోతుంది. తలుపులకి కొత్త రబ్బర్లు వేయించాను, ఈల వేసే గాలి ఆగింది. పక్క సీటు విప్పించి, మెత్త కిందా వీపు దగ్గరా వేడి తీగలు పరిపించి, కొత్త తోలు కుట్టించాను. ఆ పని చేసింది మా బావమరిది. మా ఆవిడ తమ్ముడే, సీట్లు కుడతాడు, వైరింగూ చేస్తాడు. నోరు ఒక్క క్షణం ఊరుకోదు గాని చెయ్యి మంచిది.

సీటు అయ్యాక ఆవిణ్ణి బండి దగ్గరికి పిలిచాను. ఎక్కి కూర్చుంది. మీట నొక్కాను. మూడు నిమిషాలు కూర్చుని ఉంటుంది. "బాగుంది. వెచ్చగా ఉంది" అంది. దిగి, బట్టలు ఆరేయాలని వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఇంత ఖర్చు పెట్టి, ఇన్నాళ్ళు బండి షెడ్డులో నిలబెట్టి చేయిస్తే, బట్టలట.

ఆ మంట బావమరిది దగ్గర వెళ్ళగక్కాను. వాడు పళ్ళ మధ్య సూది పెట్టుకుని అంతా విన్నాడు. తర్వాత సూది తీసి అడిగాడు.

"బావా, ఒక మాట అడుగుతాను, కొట్టకూడదు. మా అక్క ఆ సీట్లో ఎప్పుడు కూర్చుంది?"

పదకొండేళ్ళలో ఆవిడ ఉంటే స్టీరింగు ముందు ఉంది, లేకపోతే వెనక పడకలో ఉంది. ఆ పక్క సీట్లో మా సంచులు కూర్చునేవి, నీళ్ళ డబ్బా కూర్చునేది.

"మరి చెప్పవేం, కుట్టేముందు?"

"నువ్వు చెప్పనిస్తేగా. తోలు రంగు గురించి గంటసేపు నా బుర్ర తిన్నావు. అయినా సంచులకి చలెయ్యదులే బావా, హాయిగా ఉంటాయి."

కొట్టలేదు. స్టీరింగుకి వేడి తీగ చుట్టి, పైన తోలు తొడుగు కుట్టమన్నాను. వాడు నవ్వకుండా చేశాడు, అదొక్కటే నేను వాడికి రుణపడిన సంగతి. ఆవిడకి చెప్పొద్దన్నాను. స్టీరింగు ముట్టుకోకు అన్న నోటితోనే ఇప్పుడు ముట్టుకో అని ఎలా చెప్పాలో తెలియక.

అప్పుడే చక్రాలు వచ్చాయి. పాత ఇనప చక్రాలు తీయించి అల్యూమినియం చక్రాలు వేయించాను, పదికి పది. బరువు తగ్గుతుంది, వేడెక్కవు. చక్రాలు బిగించిన టైర్ల కొట్టు పెద్దాయన చేతులు తుడుచుకుంటూ, "యాభై కిలోమీటర్లకి ఆపి మళ్ళీ బిగించాలి, మరిచిపోకు" అన్నాడు. నాకు కొత్తగా చెప్పాలా. కొత్త చక్రం సర్దుకుంటుంది, నట్లు వదులవుతాయి. మాలో ఇంకో కట్టడి కూడా ఉంది. నట్టు బిగించిన చెయ్యి దాన్ని సరిచూడకూడదు. ఒకరు బిగించాలి, రెండోవారు రెంచి వేసి చూసి, సరిగా ఉంటే పసుపు రంగుతో గీత పెట్టాలి. తన పని తనకి ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది, అందుకని. పదకొండేళ్ళు నా నట్లకి గీత పెట్టింది ఆవిడే.

ఆ సాయంత్రం అన్నం తింటూ అన్నాను. "రేపు పొద్దున నట్లు చూడాలి. ఎవరూ దొరకలేదు."

ఊళ్ళో ఇరవై మంది డ్రైవర్లున్నారని ఆవిడకి తెలుసు. తెలిసి కూడా నా మొహంలోకి చూడకుండా మజ్జిగ పోసింది.

"ఎన్నింటికి?"

"ఆరింటికి."

"పదింటికల్లా నేను కాటా దగ్గర ఉండాలి" అంది.

పొద్దున సంచి ఒళ్ళో పెట్టుకుని పక్క సీట్లో కూర్చుంది. చుట్టపుచూపుగా వచ్చినట్టు కూర్చుంది. సీటు వేడి పెట్టాను. యాభై కిలోమీటర్లూ నోట్లో మాట పెట్టుకుని తోలాను, ఒక్కటీ బయటికి రాలేదు. వద్దంటే ఏం చెయ్యాలి? ఇప్పటిదాకా అడగలేదు కాబట్టి వద్దనలేదు. ఒకసారి వద్దందంటే ఇక చేయించడానికి బండిలో ఏమీ మిగల్లేదు. ఇంత వయసొచ్చి, పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, దానికోసం బెంగపెట్టుకున్న వెర్రివాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

యాభయ్యో కిలోమీటరు దగ్గర రోడ్డు వారగా ఆపాను. చలి కొరుకుతోంది. నేను ముందు బిగించుకుంటూ వెళ్ళాను, ఆవిడ వెనక నుంచి రెంచి వేసి, బిగువు సరిపోయిందని అది టక్‌మనగానే గీత పెడుతోంది. చక్రానికి పది, మొత్తం వంద నట్లు. అరవై దాటేసరికి ఆవిడ వేళ్ళు సుద్దముక్కల్లా అయ్యాయి. రంగు సీసా మూత తిప్పలేకపోతోంది.

"ఇలా ఇవ్వు, మిగతావి నేను పెట్టుకుంటాను" అన్నాను.

"బిగించినవాళ్ళే గీత పెట్టుకుంటారా? ఎప్పటినుంచి?"

మళ్ళీ వంగింది. ఎనిమిదో చక్రం దగ్గర ఆగింది. "ఇది తిరుగుతోంది" అంది.

అప్పుడే బిగించిన నట్టు. నా ధ్యాస ఎక్కడుందో ఏమో, రెంచి పూర్తిగా లాగకుండానే ముందుకు వెళ్ళిపోయాను. ఇంకొకరు ఇలా వదిలేసి ఉంటే ఈ పాటికి నేను వాళ్ళని ఏడు తరాలు తిట్టి ఉండేవాణ్ణి. ఆవిడ ఒక్క మాట అనలేదు. పక్కకి జరిగి, నేను బిగించేదాకా నిలబడి, మళ్ళీ రెంచి వేసి చూసి గీత పెట్టింది. అంతే. నేనూ ఆ రోజు అంతే చెయ్యాల్సింది. అక్కడే మోకాళ్ళ మీద ఉండి అనేశాను.

"ఆ రోజు నోరు జారాను. బండి నీది కూడా. నువ్వు లేకుండా తోలడం నా వల్ల కావట్లేదు."

"ఈ మాటకి రెండేళ్ళా?" అంది. "కోపం అంతసేపు ఉంటుందా మీకు?"

"కోపం ఆ పూటే పోయింది. సిగ్గే పోలేదు."

ఆవిడ మిగిలిన నట్లన్నీ చూసింది. ఒక్కటి కూడా వదల్లేదు. నేను లేచి డ్రైవరు తలుపు తీసి, తాళం తిప్పి, స్టీరింగు మీట నొక్కాను.

"చేతులు పెట్టి చూడు."

మెట్టు మీద నిలబడి రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టింది. తోలు మెల్లగా వేడెక్కింది. తీయలేదు. వేళ్ళలోకి రంగు వచ్చేదాకా అలాగే ఉంది. తర్వాత, "ఇది ఎప్పుడు చేయించారు?" అంది. నేను బండి చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీటు ఎక్కాను. ఆవిడ సీటు ముందుకు జరుపుకుంది, పక్క అద్దాలు తన ఎత్తుకి తిప్పుకుంది, వెనక్కి ఒకసారి చూసి బండి తిప్పింది.

వచ్చిన దారినే యాభై కిలోమీటర్లు తోలింది. గేర్లు మార్చే తీరు ఏమీ మారలేదు, నాకంటే మెత్తన. "పడుకోండి" అంది, పూర్వంలాగే. పడుకుంటానా. కన్ను మూస్తే దారి తరిగిపోతుందని కూర్చున్నాను. కాటా ముందు బండి ఆపి, సంచి తీసుకుని, పదికి పది నిమిషాలుండగా దిగింది. వరసలో ఉన్న డ్రైవర్లు అందరూ చూశారు. తన గదిలోకి వెళ్ళిపోయింది. వస్తానని గాని, రానని గాని అనలేదు.

పక్క గోడౌనులో లోడు ఎత్తుకుని కాటా ఎక్కాను. చీటీ ఇచ్చింది. "జాగ్రత్త" అంది. అందరికీ అన్నట్టే అంది. మూడు వందల కిలోమీటర్లు ఒక్కణ్ణే వెళ్ళాను.

సాయంత్రం లోడు దించే చోట ఫోను మోగింది.

"కాటా మీద చూశాను" అంది. "మోకాళ్ళు రెండూ డాష్‌బోర్డుకి ఆనుకుని కూర్చున్నారు. సీటు వెనక్కి జరుపుకోలేదేం?"

"జరపబుద్ధి కాలేదు."

"ఏం?"

"నువ్వు కూర్చుని లేచావుగా."

అటునుంచి ఏదో బండి కాటా ఎక్కిన చప్పుడు, దిగిన చప్పుడు వినిపించాయి.

"శనివారం సెలవు పెట్టాను" అంది చివరికి. "అప్పటిదాకా జరుపుకుని తోలండి. నా కొలత నాకు తెలుసు, మళ్ళీ సరిచేసుకుంటాను."

సరే అన్నాను. ఫోను పెట్టేసి బండి ఎక్కి, మోకాళ్ళు ఎలాగో ఇరికించుకుని కూర్చున్నాను. సీటు జరపలేదు. ఆ రోజు ఇంకా మంగళవారమే.