థామ్ బరువు దింపిన మొగుడు

చేప పొలుసు తీస్తూ థామ్ అలవాటుగానే ఆ మాట అనేసింది. "తెల్లారగట్ల పడవ పోటీకి సాధన, పగలంతా ఆరోగ్య కేంద్రంలో సూదులూ కట్లూ, సాయంత్రం నర్సింగ్ డిగ్రీ క్లాసు. మధ్యలో ఇల్లు. నా వల్ల కావడం లేదండీ. ఏదో ఒకటి తగ్గితే బాగుండు."

"నువ్వు దిగులు పడకు. నేను చూసుకుంటాగా" అన్నాడు తోవాన్, టీ చప్పరిస్తూ.

పెళ్లయ్యాక ఆ నోట ఆ మాట వినడం అదే మొదలు. ఏ పని అందుకుంటాడో అని గిన్నెలు తోముతూ మురిసిపోయింది పిచ్చిది. బట్టలా? వాళ్లమ్మ మోకాళ్లకు నూనె రాయడమా? లేక వచ్చే వారం వాళ్ల తాతగారి తద్దినం వంటా? పెద్దకొడుకు పెళ్లాం కాబట్టి ఆ రోజు వంశమంతటికీ ఆమే వండాలి. "పెద్దకోడలి చెయ్యి పడని కూడు పెద్దలు ముట్టరు" అంటుంది అత్తగారు. వండినమ్మ తిన్నదా లేదా అని ఆ పెద్దలూ అడగరు, ఈ పెద్దలూ అడగరు.

మర్నాడు కియెన్ జాంగ్ నది ఒడ్డుకు వెళ్తే, పడవలో తన చోట పక్క వీధి కొత్తకోడలు కూర్చుని ఉంది. చుక్కాని పట్టే న్యాన్ పెద్దమ్మ థామ్‌ను చూసి నోరు తెరిచింది.

"నువ్వెందుకొచ్చావే? మా ఆవిడకి ఒంట్లో ఓపిక లేదు, ఈ ఏడు తెడ్డు పట్టదు అని నిన్న నీ మొగుడొచ్చి చెప్పాడుగా! ఇంత ప్రేమ చూపే మొగుడు ఎవరికి దొరుకుతాడే అనుకున్నాం."

థామ్‌కు అనుమానం వచ్చింది. ఆఫీసు తెరిచేదాకా ఒడ్డునే ఉండి కాలేజీకి ఫోన్ చేసింది. అక్కడా అదే. మీ ఆయన చెప్పారు, పేరు తీసేశాం అన్నారు.

తడి మట్టిలో అలాగే కూలబడింది. తెడ్డు పట్టిన గంటసేపూ ఆమెను మంచినీళ్లడిగేవాళ్లు ఉండరు. క్లాసులో ఆమె ఎవరి కోడలూ కాదు. వెతికి వెతికి సరిగ్గా ఆ రెండే కోసేశాడు. గిన్నెలు ఉన్నాయి, బట్టలు ఉన్నాయి, తద్దినం ఉంది. కోపం వచ్చినా బాగుండేది. ఇన్నేళ్లు ఒకే మంచం మీద పడుకున్న మనిషికి తనకు బరువేదో, ఊపిరేదో తెలియలేదని ఒళ్లంతా మొద్దుబారిపోయింది.

ఇంటికి రాగానే తోవాన్ నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఏం, తేలికైందా?"

"ఇంకొంచెం ఉంది" అంది థామ్. అతని ఎదురుగానే కూర్చుని ముందు పెద్దమ్మకూ, తర్వాత కాలేజీకీ ఫోన్ చేసి, తన చోటు తనకు ఉంచమని చెప్పింది. ఆ తర్వాత మరిదికి చేసింది.

"బాబూ, తాతగారి తద్దినం ఈసారి మీ ఇంట్లో పెట్టుకోండి. మీ అన్నయ్యకి ఒంట్లో ఓపిక లేదు పాపం. అందరికీ నువ్వే చెప్పెయ్."

తోవాన్ మొహం పాలిపోయింది.

"నన్నొక్క మాట అడగకుండా, నా తరఫున నువ్వెలా చెప్తావే!"