చూద్దాంలే

దుప్పటి కొసలు రెండు ఆమె చేతుల్లో, రెండు అతని చేతుల్లో ఉన్నాయి. ఒక్కసారి విదిలించి బిగలాగారు. అతను నాలుగడుగులు ముందుకొచ్చి తన కొసలు ఆమె వేళ్ళకందించాడు. కింద వేలాడుతున్న మడత అందుకుని వెనక్కి వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. హోటల్ లాండ్రీ గదిలో పదకొండేళ్ళుగా రోజుకు రెండువందల దుప్పట్లు ఇలాగే.

ఆమె బతుకులోకి అతను వచ్చిపోవడమూ ఇలాగే. రెండుసార్లు వేరే ఆడవాళ్ళతో కాపురం పెట్టాడు. రెండుసార్లూ తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు దుప్పటి అవతలి కొస పట్టుకున్నాడు. సబ్బునీళ్ళకు తెల్లగా పాలిపోయిన వేళ్ళతో ఆమె ఆ కొస అందించింది తప్ప ఒక్క మాట అడగలేదు.

ఇవాళ పొద్దున అతను గోడకు రెండు కొక్కేలు దిగ్గొట్టాడు. చెయ్యి తన ఛాతీకి ఆనించి, ఎత్తు చూసుకుని మరీ కొట్టాడు.

"ఎందుకవి?"

"ఉండనీ, పనికొస్తాయి."

అద్దం తగిలిస్తాడు కాబోలనుకుంది. జడ చూసుకోవడానికి గదిలో అద్దం లేదని కిందటి నెలే అంది మరి.

మూల కూర్చుని చిరుగులు కుట్టే పిన్ని పంటితో దారం తెంపింది. "ఏమే పెళ్ళికూతురా, కొత్త జాకెట్టా?"

"పాతదే పిన్నీ. ఇస్త్రీ చేశానంతే."

"పదకొండేళ్ళ ముడతలు! ఒక్క ఇస్త్రీకే పోతాయా?"

పిన్ని వేళాకోళానికి కారణం ఉంది. భోజనాల గది టీవీలో ఒంటిగంటకు ఒక పాత హాస్య సీరియల్ వేస్తారు. గొడుగుల కొట్టతను, ఎదురింటి టీచరమ్మ. పోట్లాడుకుంటారు, ఆమె అతని గొడుగు వీధిలోకి విసిరేస్తుంది, వాన పడగానే మళ్ళీ ఒక్కటవుతారు. కనబడని జనం నవ్వుతారు. ఎన్నిసార్లు వేసినా, చివరి భాగం రాకముందే చానెల్ వాళ్ళు మళ్ళీ మొదటికొచ్చేవారు.

నాలుగేళ్ళ కిందట, ఎత్తి పట్టుకున్న దుప్పటి చాటునుంచి ఆమె అడిగింది. "మరి మన సంగతి?"

అతను టీవీ గది వైపు చూసి నవ్వాడు. "వాళ్ళిద్దరి పెళ్ళి రానీ. చూద్దాంలే."

ఆ మాట ఆమె భద్రంగా దాచుకుంది. ఉండబట్టలేక ఒకరోజు పిన్నికి చెప్పింది. పిన్నికి చెప్పడమంటే దండోరా వేయించడమే.

చివరి భాగం ఇవాళేనని నిన్న టీవీలో చెప్పారు.

ఒంటిగంటకు టిఫిన్ డబ్బాలతో అందరూ చేరారు. టీవీ వైపు ఎవరూ చూడలేదు. ఆమెనే చూశారు. తెరమీద వాన మొదలైంది. టీచరమ్మ వచ్చి గొడుగు కింద నిలబడింది. గొడుగుల కొట్టతను పెళ్ళి ఉంగరం తొడిగాడు. కనబడని జనం చప్పట్లు కొట్టారు. ఆమె డబ్బా మూతపెట్టి, చెయ్యి తుడుచుకుని, అతని వైపు తిరిగింది.

"ఏం అల్లుడూ, మాటిచ్చావుగా?" అంది పిన్ని.

"ఏం మాట?"

"చూద్దాం అన్నావు," అంది ఆమె, నెమ్మదిగా.

అతను పళ్ళు కుట్టుకోవడం ఆపాడు. "అన్నాను. చూశాంగా!"

గది గదంతా పగలబడి నవ్వింది. టీవీలో నవ్వు ఎక్కడ ఆగిందో, వీళ్ళది ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఆమె కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదని.

మూడింటికి అతను సంచి భుజాన వేసుకుని వచ్చాడు. వేరే ఊళ్ళో పెద్ద హోటల్లో పని దొరికింది. వారం కిందటే ఖాయమైంది. ఆమెకు తప్ప అందరికీ తెలుసు.

"నా బదులు ఎవర్నీ వేయరట," అన్నాడు గోడ వైపు గడ్డం ఎగరేసి. "అందుకే అవి కొట్టాను. కొసలు తగిలించుకుంటే ఒక్కదానివే మడతపెట్టుకోవచ్చు."

ఆమె కొక్కేల వంక చూసింది. "మళ్ళీ వస్తావుగా?"

"చూద్దాంలే."

అడుగుల చప్పుడు మెట్ల మీద వినిపించి ఆగిపోయింది. పిన్ని తలెత్తకుండా సూదిలోకి దారం ఎక్కిస్తోంది. నాలుగో అంతస్తు దుప్పట్లు ఇంకా వేడివేడిగా కుప్పపోసి ఉన్నాయి. ఆమె ఒకటి తీసి రెండు కొసలు తగిలించింది, వెనక్కి నడిచి విదిలించింది. ఇప్పుడు ముందుకు రావలసింది ఆమే. నాలుగడుగులు వేసింది. వేళ్ళకు చల్లటి ఇనుము తగిలింది.

అతని ఛాతీ ఎత్తులో, అతని రెండు చేతులకూ మధ్య ఉండేంత ఎడంతో, కొక్కేలు దుప్పటిని వదలకుండా పట్టుకుని ఉన్నాయి.