అరవయ్యో రోజు

వస్ఫీ గారు ఎన్నికల కోసం కొత్త కోటు కుట్టించుకున్నారు. కొలతలకి వెళ్లిన రోజు నేనూ ఆయన వెంటే ఉన్నాను. కోర్టు నుంచి నేరుగా వెళ్లాం కాబట్టి ఫైళ్ల సంచి నా భుజానే ఉంది.

టైలర్ నెవ్జత్ మేస్త్రీ పళ్ల మధ్య గుండుసూదులు పెట్టుకునే మాట్లాడతాడు.

"మూడు గుండీలు పెడతాను," అన్నాడు.

"అసలు పెట్టకపోతే?"

"గాలికి ఎగిరి సముద్రంలో పడతారు. ఇదేమన్నా మీ కోర్టు గౌనా వకీలుగారూ? ఓట్లడగడానికి పోతున్నారు. రోజూ ఎవరో ఒక పెద్దమనిషి ఎదురుపడతాడు. గుండీ పెట్టుకోకుండా నిలబడతారా ఏంటి?"

వస్ఫీ గారు అద్దంలో తనని చూసుకున్నారు.

మా ఊరు పెలిత్‌లో బడికి పై అధికారి ఎవరైనా వస్తున్నారంటే మాస్టారు గుమ్మంలోంచే "గుండీలు!" అని అరిచేవారు. నలభైమందిమి ఒక్కసారిగా మెడ దాకా పెట్టేసుకునేవాళ్లం. పెద్దవాళ్ల ముందు గుండీ పెట్టుకోవడం మా దగ్గర మర్యాద. ఆ అలవాటు నా చేతుల్లో ఇంకా ఉంది. లా చదువు పూర్తిచేసి వస్ఫీ గారి దగ్గర ఏడాది శిక్షణకు చేరిన మొదటి రోజు, ఆయన గోడమీది నల్ల గౌను తీసి నా చేతికిచ్చారు.

"గుండీలున్నాయా?"

"లేవు."

"జేబులు?"

"లేవు."

"ఎవరి ముందూ గుండీ పెట్టుకోనక్కర్లేదు. ఎవరి దగ్గరా పుచ్చుకోనక్కర్లేదు. మొదటి పాఠం అయిపోయింది. వెళ్లి టీ చెప్పు."

ముప్పై ఏళ్లు ఆ గౌనుతోనే గడిపిన మనిషి రాజకీయాల్లోకి రావడానికి కారణం మా ఊరి వాగు. పెలిత్ వాగుని కొండపైన పట్టి, గొట్టంలో దించి కరెంటు తీస్తామని ఒక కంపెనీ వచ్చింది. వాగు గొట్టంలోకి పోతే మా తోటలకీ, మా ఆవులకీ, మా అమ్మ పిండిమరకీ మిగిలేది రాళ్లే. ఊరి ఆడవాళ్లు నలభై ఏడుమంది రెండు మినీబస్సుల్లో పట్నం దిగి, నోటరీ దగ్గర వేలిముద్రలు వేసి వస్ఫీ గారిని వకీలుగా పెట్టుకున్నారు. ఆయన ఆరేళ్లలో మూడుసార్లు గెలిచారు. గెలిచిన ప్రతిసారీ కంపెనీ పేరు మార్చుకుని కొత్త అనుమతి కాగితంతో తిరిగొచ్చింది.

"కోర్టులో గెలుస్తున్నాం, కొండమీద ఓడిపోతున్నాం," అన్నారు ఆయన ఒకరోజు. గొట్టం కిందికి దిగాలంటే పట్నం భూమి మీదుగా రావాలి. ఆ భూమి ఇచ్చే సంతకం మేయరుది. ఆ కుర్చీలో తను కూర్చుంటే గొట్టానికి దారే ఉండదని ఆయన లెక్క. యాభై ఎనిమిదేళ్ల వయసులో పార్టీలో చేరి, అభ్యర్థిగా పేరు ఇచ్చుకున్నారు.

నాలుగో అనుమతి డిసెంబరులో మా ఊరి నోటీసు పలక మీదికొచ్చింది. దాని మీద దావా వెయ్యడానికి అరవై రోజుల గడువు. అరవయ్యో రోజు ఫిబ్రవరిలో ఒక శుక్రవారం. పార్టీ అభ్యర్థుల జాబితా వచ్చేది ఆ తర్వాతి సోమవారం.

ఆ వారం మంగళవారానికే దావా కాగితం టైపు చేసి ఆయన బల్లమీద పెట్టాను. వస్ఫీ గారు ఏ కాగితం మీదైనా ఆ సాయంత్రానికే సంతకం పెట్టేస్తారు. దీని మీద పెట్టలేదు. బుధవారం పొద్దున చూస్తే అది న్యూస్‌పేపరు కింద ఉంది. తీసి పైన పెట్టాను. గురువారం మళ్లీ పేపరు కిందికి పోయింది. మళ్లీ పైన పెట్టాను. ఆయన చూశారు, నేనూ చూశాను. జిల్లా పార్టీ ఛైర్మన్ తహ్సిన్ గారు శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసుకి వస్తున్నారని మాత్రం చెప్పారు.

గురువారం ఇంటికెళ్లే ముందు రెండు పనులు చేశాను. అదే దావాని మా అమ్మ పేరుతో, వకీలు లేకుండా, మళ్లీ టైపు చేశాను. తర్వాత ఊరికి ఫోన్ చేశాను.

"అమ్మా, రేపు మధ్యాహ్నానికి పట్నం రావాలి."

"మంచు పడుతుందే. ఏమైంది? మీ వకీలు కొత్త కోటు కుట్టించుకున్నాడటగా. పెళ్లికా?"

"మేయరు పదవికి."

"రెండూ ఒకటే. ముందు నవ్వులు, తర్వాత ఏడుపులు. సరే, ఎందుకు రావాలి?"

"వేలిముద్ర వెయ్యాల్సి రావచ్చు."

"పొద్దున మొదటి బండికే వస్తా," అంది.

బండి ఆలస్యమై శుక్రవారం రెండింటికి దిగిన అమ్మ రబ్బరు బూట్లతో, తలగుడ్డ మీద మంచు దులుపుకుంటూ మా మెట్ల కింది టీ కొట్లో కూర్చుంది. ఆ సంగతి వస్ఫీ గారికి చెప్పలేదు. ఆయన అప్పటికే కొత్త కోటులో ఉన్నారు. దాని ముందు భాగం తెరిచే ఉంది.

తహ్సిన్ గారు మూడున్నరకి ఇద్దరు మనుషులతో వచ్చారు. గదిలో అందరం లేచి నిలబడ్డాం. నేను మూలన కంప్యూటరు దగ్గరున్నాను. చూడకూడదనుకుంటూనే వస్ఫీ గారి చేతివైపు చూశాను. ఆ చెయ్యి పైకి లేచి మధ్య గుండీ పెట్టేసింది.

నేను కీబోర్డు వైపు తల దించుకున్నాను.

"కూర్చో తమ్ముడూ, కూర్చో," అన్నారు తహ్సిన్ గారు. "కోటు బాగుంది. ఇన్నాళ్లూ ఆ నల్లదాంట్లో కాకిలా తిరిగావు."

వెంట వచ్చిన ఇద్దరూ నవ్వారు. టీ కొట్టు ఇద్రిస్ బాబాయ్ పళ్లెంలో గ్లాసులతో లోపలికొచ్చాడు.

"చక్కెర ఎన్ని బిళ్లలు ఛైర్మన్ గారూ?"

"రెండు."

"పోయిన ఎన్నికల్లో మా సందుకి రోడ్డు వేయిస్తానన్నప్పుడు మూడు వేసుకున్నారు."

"డాక్టరు తగ్గించమన్నాడయ్యా."

"రోడ్డునా, చక్కెరనా?"

వస్ఫీ గారు "బాబాయ్" అని కళ్లతోనే వారించారు. ఇద్రిస్ బాబాయ్ వెళ్తూ తలుపు పూర్తిగా వెయ్యలేదు.

"అంకారాలో పార్టీ పెద్దలకి నీ పేరు చెప్పాను," అన్నారు తహ్సిన్ గారు. "పట్నం నిన్నే కోరుకుంటోంది. సోమవారం జాబితాలో నీ పేరుంటుంది. ఒక్క చిన్న విషయం. ఆ పెలిత్ వాగు గొడవ."

"చెప్పన్నా."

"కేసు వెనక్కి తీసుకోమనను. అలా అంటే ఆ ఆడవాళ్లు నన్ను కొండమీంచి దొర్లిస్తారు. ఓడిపొమ్మని కూడా అనను. ఎన్నికల హడావిడిలో ఉన్నావు. మనిషన్నాక ఒక తేదీ మరచిపోడా? ఈ రోజు మరచిపో. అంతే. నిన్ను తప్పుపట్టేవాళ్లెవరు?"

చెంచా గ్లాసుకి తగిలిన చప్పుడు వినిపించింది. మంగళవారం నుంచీ ఆ కాగితం పేపరు కింద ఎందుకు దాక్కుందో నాకప్పుడు అర్థమైంది. ఈ మాట ఎలాగూ వస్తుందని ఆయనకి ముందే తెలుసు. వస్తే ఏమనాలో మాత్రం తెలియలేదు. వాగుని కాపాడే కుర్చీ ఆయనకి చేతికందేంత దూరంలో ఉంది.

"మేయరైతే ఆ వాగుని నువ్వే చూసుకోవచ్చు కదా," అన్నారు తహ్సిన్ గారు, ఆయన మనసులో మాట విన్నట్టు.

వస్ఫీ గారు గోడమీది గౌను వైపు చూశారు. తర్వాత నావైపు తిరిగారు.

"టైమెంతైంది ఎల్మాస్?"

"నాలుక్కి పది నిమిషాలు తక్కువ."

"ఆ కాగితం ఇటివ్వు."

పేపరు ఎత్తి చూడాల్సిన అవసరం నాకు రాలేదు. కాగితం ఎక్కడుందో నా చేతికి తెలుసు. ఆయన పెన్ను కోటు లోపలి జేబులో ఉంది. అది తీయడానికి మధ్య గుండీ విప్పుకున్నారు. బల్లనిండా టీ గ్లాసులే ఉన్నాయి కాబట్టి మోకాలి మీద పెట్టుకుని, మూడు ప్రతుల్లో ప్రతి పేజీ కిందా సంతకం చేశారు. ఒక్కోటీ పూర్తయ్యాక సిరా ఆరేదాకా ఆగారు.

"తమ్ముడూ, ఆ సంతకంతో ఐదేళ్లు పోతాయి."

"తెలుసన్నా. నలభై ఏడుమంది నోటరీ ముందు వేలిముద్ర వేసి ఇచ్చిన కాగితం నా దగ్గరుంది. చెయ్యమన్న పనులన్నీ అందులో రాసున్నాయి. మరచిపొమ్మని ఎక్కడా లేదు."

"ఆ కుర్చీలో కూర్చుని కాపాడేవాడివి."

"శుక్రవారం అమ్మేసి సోమవారం నుంచి కాపాడమంటావా?"

కాగితాలు నా చేతికొచ్చాయి. నేను మెట్లు దిగుతుంటే పైన కుర్చీలు జరిగిన చప్పుడైంది. అమ్మ నా ముఖం చూసి బొటనవేలు పైకెత్తి చూపించింది, వెయ్యాలా అన్నట్టు. అక్కర్లేదని తల అడ్డంగా ఊపాను. అయినా నా వెంటే వచ్చింది. కోర్టు నాలుగు వీధుల అవతల ఉంది. ఆ బూట్లతో మంచులో నాకంటే వేగంగా నడిచింది. కౌంటరులోని సెహెర్ అక్క ముద్ర కొడుతూ, "చివరి రోజా? మీ వకీలుగారు ఇంత ఆలస్యం ఎప్పుడూ చెయ్యరే," అంది. నాలుగూ ఇరవైకి ముద్ర పడింది.

తిరిగొచ్చేసరికి గదిలో వస్ఫీ గారొక్కరే ఉన్నారు. ఇద్రిస్ బాబాయ్ గ్లాసులు తీస్తున్నాడు. అమ్మని చూడగానే ఆయన లేచారు.

"హవ్వా అక్కా, ఈ మంచులో నువ్వెందుకొచ్చావ్?"

అమ్మ నావైపు చూసింది. నేను సంచిలోంచి రెండో కాగితం తీసి బల్లమీద పెట్టాను. ఆయన చదివారు. తన పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదని చూసుకున్నారు.

"నేను సంతకం పెట్టననుకున్నావా?"

"గడువుని ఒక్క చేతిలో ఎప్పుడూ పెట్టొద్దని మీరే చెప్పారు."

ఆయన ఆ కాగితాన్ని మడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు. "ఇది నా దగ్గరే ఉంచుకుంటాను," అన్నారు. ఆ కోటు గుండీ ఆయన మళ్లీ పెట్టుకోవడం నేను చూడలేదు.

సోమవారం జాబితాలో పట్నం పేరు పక్కన ఒక కాంట్రాక్టరు పేరొచ్చింది. మంగళవారం వస్ఫీ గారు పార్టీకి రాజీనామా రాసి, ఏ పార్టీ లేకుండా నిలబడుతున్నట్టు ఎన్నికల ఆఫీసులో కాగితం ఇచ్చారు. ఆ కాగితం మీద సంతకం అక్కడికక్కడే పెట్టారు.

ఆయనకి ఓట్లు అడగడం రాదు. మొదటి రోజు చేపల బజారులో ఒక పెట్టె మీదికెక్కి, "గౌరవనీయ న్యాయస్థానం వారికి," అని మొదలుపెట్టారు. చేపలమ్మే రెజాయి బాబాయ్ తక్కెడ బల్లకేసి కొట్టి, "తీర్పు! వకీలుగారు కిలో హమ్సీ చేపలు కొనాలి!" అన్నాడు. బజారంతా నవ్వింది. వస్ఫీ గారు కొన్నారు. రెండు కిలోలు కొన్నారు.

అసలు చిక్కు వేరే ఉంది. పట్నం మేయరుకి ఓటేసేది పట్నంవాళ్లే. పెలిత్ ఆడవాళ్లకి ఆ ఓటు లేదు. కానీ ప్రతి ఇంటికీ పట్నంలో ఒక కూతురో, చెల్లెలో, మేనకోడలో ఉంది. మార్చి నెలంతా ప్రతి సంత రోజునా మినీబస్సులు నిండుగా దిగాయి. బుట్టలో మొక్కజొన్న పిండి, ఆకుకూర, వెన్నముద్ద పట్టుకుని ఒక్కొక్కరూ ఒక్కో గుమ్మం ఎక్కేవారు. నేను ఓటర్ల జాబితా పట్టుకుని అమ్మ వెంట తిరిగాను. మూడో వీధిలో మా అత్త కూతురు నెబాహత్ టీ పోస్తూ అడిగింది:

"మీకు ఓటే లేదు కదా, మీకెందుకింత ఆరాటం?"

"లేదు కాబట్టే నీ ఇంటికొచ్చా," అంది అమ్మ. "ఉంటే ఇంట్లోనే పడుకునేదాన్ని. ఇంకో గ్లాసు పొయ్యి. మీ ఆయన్ని కూడా పిలువు."

మేం అరవై మూడు ఓట్లతో ఓడిపోయాం.

లెక్కింపు ముగిశాక వస్ఫీ గారు ఫలితాల కాగితం రెండుసార్లు చదివి, "అరవై మూడు," అన్నారు. "ఇద్రిస్ బాబాయ్ సందులో డెబ్భై ఓట్లున్నాయి. అక్కడికి మనం ఒక్కసారే వెళ్లాం." ఆయన గొంతులో బాధ కన్నా చిరాకే ఎక్కువుంది, ఫైల్లో ఒక పేజీ మరచిపోయినవాడిలా. మర్నాడు తొమ్మిదింటికి గౌను వేసుకుని కోర్టులో ఉన్నారు. మే నెలలో కోర్టు నాలుగో అనుమతి రద్దు చేసింది. కొత్త మేయరు గొట్టానికి దారి ఇస్తూ పెట్టిన సంతకం ఉత్తి సిరా మరక అయిపోయింది.

జూన్‌లో నా శిక్షణ ముగిసింది. జిల్లా కేంద్రంలో లాయర్ల సంఘం హాల్లో కొత్తవాళ్లకి గౌను తొడిగే కార్యక్రమం జరిగింది. నాకు వస్ఫీ గారే తొడిగారు. భుజాల దగ్గర సర్దుతూ, "బరువుందా?" అని అడిగారు. లేదన్నాను. అప్పుడు సంఘం అధ్యక్షులు నా వైపు నడిచి వచ్చారు. నా కుడిచెయ్యి తనంతట తానే గుండెల మీదికెళ్లింది. వేళ్లు గుడ్డ మీద పైకీ కిందికీ తడుముకున్నాయి.

"వెతక్కు," అన్నారు వస్ఫీ గారు మెల్లగా. "అక్కడేం లేదు."

ముందు వరసలోంచి అమ్మ గట్టిగా, "ఏం పోయిందే?" అంది. హాలంతా తిరిగి చూసింది.

నేను చెయ్యి దించి, అధ్యక్షుల చెయ్యి అందుకున్నాను.

తిరుగుదారిలో మినీబస్సులో ఉండగానే ఊరి పెద్ద నుంచి ఫోనొచ్చింది. నోటీసు పలక మీద కొత్త కాగితం అంటించారట. కంపెనీకిప్పుడు ఐదో పేరు. వస్ఫీ గారు విని, ఫోన్ నాకిచ్చారు.

"తారీఖు రాసుకో," అన్నారు. "ఈసారి వకీలు పేరు దగ్గర నీది."

మర్నాటి నుంచే కూర్చున్నాను. నాలుగో రోజు సాయంత్రానికి దావా పూర్తయింది. మూడు ప్రతులు తీసి, సిరా ఆరేదాకా ఆగి, ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాను. ఆఫీసులో పిండి మూట దించడానికి వచ్చిన అమ్మ, "ఇంకా యాభై ఆరు రోజులున్నాయంటివి, అంత తొందరేం?" అని అడిగింది. కాగితాలు సంచిలో పెట్టుకుని బయల్దేరాను. కౌంటరు మూసేదాకా ఇంకా అరగంట ఉంది.

వస్ఫీ గారు అప్పటికే ఇద్రిస్ బాబాయ్ సందుకి వెళ్లిపోయారు. ఎన్నికలకి ఇంకా నాలుగేళ్ల తొమ్మిది నెలలుంది.