మునిరత్నమ్మ కుట్టిన సీటు

రెండేళ్లు నిలబడే అన్నం తిన్నదాన్ని నేను. నడుం ఆపరేషన్ అయినప్పటి నుంచి పావుగంట కూర్చుంటే చాలు, నొప్పి ప్రాణం తోడేసేది. మదనపల్లెలో మా బట్టల కొట్లో కూడా పొద్దస్తమానం నిలబడే బేరాలు చేసేదాన్ని. అలాంటి నా ముందుకు మా ఆయన రాజేంద్ర, యాభై రెండేళ్ల మనిషి, దూరాలు తిరిగే కొత్త బైకు తెచ్చి నిలబెట్టాడు. దున్నపోతంత ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"పెండ్లాం కుర్చీలో కూర్చోలేక సస్తాంటే నీకు షికార్లు కావల్సొచ్చినాయా?"

"నిన్ను ఎనక కూర్చోబెట్టుకోని కుప్పం దాకా పోవాలనే కొన్నాను వసుధా. కారు సీటు అందరికీ ఒకటే. దీన్నయితే నీ నడుముకు సరిపొయ్యేట్టు కట్టించుకోవచ్చు. పుంగనూరులో ఒకామె ఉండాదంట."

కొద్దికొద్దిగా ప్రయాణాలు చెయ్యొచ్చని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. భయమల్లా నాకే. మా ఆయన వారం రోజులు ప్రాణం తీసి ఒప్పించాడు. ఈలోగా కంపెనీ సైలెన్సర్ పీకించి, వీధి వీధంతా అదిరేది ఒకటి వేయించాడు కూడా. పుంగనూరుకు ఆయన బైకు మీద, నేను బాడుగ కారు వెనక సీట్లో పడుకుని వెళ్లాం.

మునిరత్నమ్మ ట్రాక్టర్లకూ లారీలకూ సీట్లు కుడుతుంది. అరవై ఏళ్లు దాటాయి. పళ్ల మధ్య సూది పెట్టుకునే మాట్లాడుతుంది.

"పరుపు మాదిరి మెత్తగా పెట్టమ్మా," అన్నాను.

"మెత్తగా పెడితే అర్ధగంట బాగుంటాది. ఆమీట స్పాంజి అణిగిపోయి ఎముక కింద రేకుకు తగుల్తాది. ఊరకుండు, నేను సూస్తా."

సీటు మీద నల్లబట్ట బిగించి, దానిమీద పల్చగా ముగ్గుపిండి చల్లింది. "అటూ ఇటూ కాళ్లేసి కూర్చోని పెద్దపంజాణి రోడ్డులో పది నిమిషాలు తిరిగి రాండి," అంది.

"నా చీర?"

"చీర ఉతుక్కోవచ్చు తల్లీ. నడుం ఉతుక్కోలేవు."

పళ్లు బిగబట్టుకుని తిరిగొచ్చాను. మునిరత్నమ్మ వంగి ఆ బట్టను చాలాసేపు చూసింది. కుడిపక్క పిండి పూర్తిగా చెరిగిపోయి ఉంది. ఎడమపక్క చల్లింది చల్లినట్టే ఉంది.

"బరువంతా కుడి మీదే మోస్తాండావు. నొప్పి ఎడం కాల్లోకి దిగుతాది కదా, మడిమ దాకా?"

ఆ సంగతి మేమెవరమూ ఆమెకు చెప్పలేదు. పెద్ద డాక్టర్లు స్కానింగు తీసి కనుక్కున్న దాన్ని ఈమె ముగ్గుపిండిలో చూసేసింది. చేతులెత్తి దండం పెడదామనిపించింది.

తర్వాత గట్టి ఫోమ్ తెచ్చి, హాక్సా బ్లేడుతో కోయడం మొదలుపెట్టింది. వెన్నుపూస చివర ఆనే చోట చిన్న గుంట తీసింది. ఎడమపక్క వేలెడు ఎత్తు పెంచింది. ఆపైన బైకు స్టార్ట్ చేయించి, నేను కాళ్లు పెట్టుకునే చోట అరచెయ్యి ఆనించింది.

"ఈ అదురంతా కాళ్లలోనించి ఎన్నుకే పోతాది. పాత సైలెన్సరే బిగించు పోప్పా."

"శబ్దం లేకుంటే ఎవురు సూస్తారమ్మా?" అన్నాడు మా ఆయన.

"ఎవురన్నా సూడాలంటే బ్యాండుమేళం పెట్టుకో. ఆయమ్మ కూర్చోవాలంటే నేను సెప్పింది సెయ్."

మొహం మాడ్చుకున్నాడు గానీ మార్పించాడు.

ఆ ఆదివారం పొద్దున్నే మదనపల్లెలో బయల్దేరాం. ఇప్పుడొస్తుంది నొప్పి, ఇదిగో వచ్చేస్తుంది అనుకుంటూ ఆయన భుజం గట్టిగా పట్టుకున్నాను. పుంగనూరు దాటింది. గంటకోసారి దిగి నాలుగడుగులు వేసి మళ్లీ ఎక్కాను. పలమనేరు దాటింది. నొప్పి ఏదీ? ఇంజను తనలో తాను గొణుక్కుంటున్నట్టుంది. చేలల్లో కౌజుపిట్టల అరుపులు కూడా వినబడుతున్నాయి. ఇంకో గొంతు కూడా వినబడింది. మా ఆయన హెల్మెట్ లోపల కూనిరాగం తీస్తున్నాడు! పాతికేళ్ల కాపురంలో ఈ మనిషి పాడతాడని నాకు తెలియనే తెలియదు. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

కుప్పంలో ఒక టీకొట్టు పక్కన ఆపి, స్టాండు వేసి, ముందు తను దిగాడు.

"వచ్చేసినాం, దిగు," అన్నాడు.

నేను కదల్లేదు. నోరు తెరిస్తే ఏడుపొచ్చేట్టుంది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. మునిరత్నమ్మకు ఫోన్ చేశాడు. "అమ్మా, ఈమె దిగలేకుండా ఉండాది. పలకను కూడా పలకదు!" అని ఫోన్ నా చెవికి ఆనించాడు.

"యాడ నొస్తాండాది తల్లీ?" అంది మునిరత్నమ్మ. ఆమె గొంతులోనూ భయం ఉంది.

"యాడా లేదమ్మా," అన్నాను. "ఇంకొంచేపు కూర్చుంటాను."